మా బావగారి కెమెరా, నా రిజిస్టరు

మా బావగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను కాకినాడలో మా డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతున్నాను. మావారు మెట్ల మీద సగం దాకా వచ్చి ఆగి, "అన్నయ్య పోయాడంట" అన్నారు. నిడదవోలులో పొద్దున్నే కాఫీ తాగి, వీధి వరండాలో కుర్చీలో కూర్చుని, అక్క, అదే నా తోడికోడలు, పేపరు చదువుతుంటే వింటూ వింటూ తల పక్కకి వాల్చేశారట. చూపు ఆనడం లేదని రెండు మూడేళ్లుగా పేపరు అక్కే చదివి వినిపిస్తోంది. వయసు మీద పడింది కదా అనుకున్నాం అందరం. అక్క రెండో పేజీ తిప్పి "వింటున్నారా" అని అడిగేదాకా ఆవిడకీ తెలియలేదట.

వడియాల పిండి సగం గిన్నెలోనే ఉండిపోయింది. నేను ఏ పనీ సగంలో వదిలే మనిషిని కాను. ఇంటి ఖర్చుల పుస్తకం పెళ్లైన ఏడాది నుంచీ ఒక్క రోజు ఖాళీ లేకుండా రాస్తున్నదాన్ని. ఆ పుస్తకం కూడా ఈ నెల రోజులుగా ముట్టుకోలేదు. ఒకచోట కూర్చుంటే కాలు నిలవడం లేదు. ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుని కూడా ఇప్పటికి మూడుసార్లు లేచి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగి వచ్చాను.

కారణం ఉంది. ఏడేళ్ల కిందట ఆయన్ని నేనొక మాట అన్నాను, నలుగురి ఎదుట. ఆయన తిరిగి నన్నేమీ అనలేదు. ఎందుకు అనలేదో నాకు పెద్దకర్మ అయిన మర్నాడు తెలిసింది. ఇప్పుడు వెళ్లి చెప్పుకుందామంటే ఆయన లేరు. ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు కుదురు వచ్చేటట్టు లేదు.

బావగారంటే మావారి అన్నగారు. నిడదవోలు స్టేషన్ రోడ్డులో ఇంటి ముందుగదే ఆయన స్టూడియో. గోడకి కొబ్బరిచెట్లూ పడవా గీసిన తెర, రెండు లైట్లు, చేతులున్న ఒక కుర్చీ. మెట్ల కింద డార్క్‌రూమ్. విజయవాడ పాసింజరో, గూడ్సో స్టేషన్లో ఆగినప్పుడల్లా తెర కొద్దిగా అదిరేది. "అదిరే టైములో నొక్కకూడదు" అని బండి వెళ్లేదాకా కెమెరా వెనక చేతులు కట్టుకుని నిలబడేవారు. వచ్చినవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

తొంభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లేనాటికి నెగెటివులన్నీ మిఠాయి పెట్టెల్లో ఉండేవి. ఏ పెట్టెలో ఎవరున్నారో ఆయనకి కూడా తెలియదు. నేను వెళ్లిన రెండో నెలలో పక్క ఊరి రైతు ఒకాయన వచ్చారు. వాళ్లమ్మ పోయింది, పదకొండో రోజుకి ఫొటో కట్టించాలి, ఎప్పుడో మనవడి అన్నప్రాసనలో తీసినది ఉంటుందని. బావగారు, అక్క, నేను కలిసి ఆ పెట్టెలన్నీ నేల మీద బోర్లించి వెతికాం. దొరికింది కానీ, పదమూడో రోజున దొరికింది. ఆయన మళ్లీ వచ్చి, "దినం అయిపోయింది లెండి, అయినా ఇవ్వండి" అని ఫొటో కళ్లకద్దుకుని తీసుకెళ్లారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడే బజారు నుంచి పొడుగు రిజిస్టరు తెప్పించి గళ్లు గీశాను. నెంబరు, తేదీ, ఎవరిది, ఏ సందర్భం, రిమార్కులు.

అప్పట్లో బావగారు నాతో ఎదురుగా నిలబడి మాట్లాడేవారు కాదు. తమ్ముడి భార్యతో అలా మాట్లాడటం ఆ ఇంట్లో అలవాటు లేదు. గుమ్మం అవతల నిలబడి అక్కతో చెప్పినట్టు చెప్పేవారు, నేను విని అక్కతో చెప్పినట్టు జవాబు చెప్పేదాన్ని. మధ్యలో అక్క చిక్కుళ్లు ఒలుచుకుంటూ ఉండేది.

"రిమార్కుల గడి ఏంటో మీ చెల్లెల్ని అడుగు."

"నెగెటివు బాగుందో లేదో రాయడానికని చెప్పక్కా."

"ఓహో. నాకు మార్కులేస్తుందన్నమాట."

"అన్నీ బాగున్నాయనే రాస్తానని చెప్పక్కా."

"అలా అయితే ఆ గడి ఎందుకు? కాగితం దండగ."

"మీ ఇద్దరి మధ్యా నాకు ఈ చిక్కుళ్లు తెమిలేటట్టు లేవు," అంది అక్క. "ఆ గుమ్మం దాటి వచ్చి మాట్లాడండి, ఎవరూ ఏమీ అనుకోరు."

ఆయన దాటి వచ్చారు. ఆ రోజు నుంచి నేను "అమ్మాయ్" అయ్యాను.

కెమెరా నా చేతికి రావడానికి కారణం పెళ్లికూతుళ్లు. సంబంధాలకి పంపడానికి ఫొటో తీయించుకోవడానికి వచ్చే ఆడపిల్లలు ఆ తెర ముందు నిలబడగానే బిగుసుకుపోయేవారు. వెనక వాళ్ల నాన్న, మేనమామ, పక్కన చీర సర్దే పిన్ని, ఎదురుగా పరాయి మగవాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూసే చూపు నెగెటివులో అలాగే వచ్చేది. ఒకరోజు ఆయన లోపలికి వచ్చి, "అమ్మాయ్, పెరట్లో నువ్వు తియ్యి. నువ్వైతే ఆ పిల్ల నవ్వుతుంది" అని ఒక చిన్న కెమెరా ఇచ్చారు. లెన్స్ మార్చడానికి వీలులేనిది, సెకండ్‌హ్యాండుది. అందులో చూస్తే మధ్యలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. రింగు తిప్పితే రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. అప్పుడే నొక్కాలి.

"మొహమంతా చూసుకుంటూ కూర్చుంటే తికమక పడతావు," అన్నారు. "బొట్టు ఒక్కటే చూడు. రెండు బొట్లూ ఒక బొట్టు అయ్యేదాకా తిప్పు. బొట్టు దొరికిందా, మొహం దొరికినట్టే."

అక్కని పెరట్లో దండెం పక్కన నిలబెట్టి నేర్పించారు. పావలా కాసంత బొట్టు పెట్టుకునేది అక్క. నా మొదటి రీలు అంతా అక్క నుదురే.

ఆ చిన్న కెమెరాతో రెండు నెలలు తీశానో లేదో నాకు దాని మీద చిన్నచూపు వచ్చేసింది. బావగారి పెద్ద కెమెరాకి లెన్సులు మార్చుకోవచ్చు, చేతిలో బరువుగా ఉండేది, నొక్కితే గట్టిగా చప్పుడయ్యేది. అది ఉంటే నా ఫొటోలు కూడా అలాగే వస్తాయని నా నమ్మకం. అడిగాను. ఆయన కాదనలేదు. ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చి, పేజీ మధ్యలో గీత గీసి, ఒకవైపు 'కెమెరా వల్ల' అనీ ఇంకోవైపు 'నా వల్ల' అనీ రాశారు.

"ఫొటో చెడినప్పుడల్లా ఏ పక్కన రాయాలో ఆలోచించి రాయి. కెమెరా పక్క నిండిన రోజున నువ్వు అడగక్కర్లేదు, నేనే కొనిస్తాను."

ఇది నాలాంటిదానికి సరైన పని. రాశాను. మూడు నెలలకి 'నా వల్ల' పక్క రెండు పేజీలు నిండింది. వేలు అడ్డం, కళ్లు మూసింది చూడలేదు, తల వెనక నుంచి దండెం మొలిచింది, చెయ్యి కదిలింది. 'కెమెరా వల్ల' పక్క రెండే ఉన్నాయి. ఆయన జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉండేది, ప్రింటుకి ఎంచిన ఫొటోల మీద గుర్తు పెట్టడానికి. ఆ పెన్సిలు తీసి రెండింట్లో ఒకటి కొట్టేశారు.

"పిల్లని ఎండకి ఎదురుగా నిలబెట్టి కళ్లు చికిలించిందని రాశావు. నిలబెట్టింది కెమెరానా అమ్మాయ్?"

ఊళ్లో కెమెరాలు కొనుక్కున్నవాళ్లంతా సలహా కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. తణుకు నుంచి ఒక ఆఫీసరు గారు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. భుజాన పెద్ద బ్యాగు, అందులో ఖరీదైన కెమెరా, మూడు లెన్సులు. ఫొటోలు బల్ల మీద పరిచారు.

"ఇంత పెట్టి కొన్నానండి. మా బావమరిది డబ్బా కెమెరాతో తీసినట్టే వస్తున్నాయి. దీనికన్నా పెద్ద లెన్స్ తీసుకోమంటారా?"

బావగారు ఒక ఫొటో కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఇక్కడ చీమంత ఉంది, ఎవరండి?"

"మా అమ్మాయండి. కొవ్వూరు రేవులో."

"అంత దూరంగా నిలబెట్టారేంటండి, ఏమైనా కోపమా?"

"అబ్బే, గోదావరి మొత్తం రావాలనండి."

"గోదావరి వచ్చిందండి. అమ్మాయే రాలేదు." ఫొటో తిరిగి బల్ల మీద పెట్టారు. "పది అడుగులు ముందుకి నడవండి. లెన్స్ కన్నా అదే చవక. ఒక నెల ఆ మూడు లెన్సుల్లో రెండు బీరువాలో పెట్టేసి, ఒక్కదానితో తియ్యండి. అప్పటికీ కావాలనిపిస్తే రండి, రాజమండ్రి నేనే తీసుకెళ్లి కొనిపిస్తాను."

ఆయన మళ్లీ రాలేదు. లెన్స్ కొనుక్కున్నారో, ముందుకే నడిచారో తెలియదు.

ఇలా చెబితే బావగారికి కొత్త వస్తువులంటే పడదని అనుకుంటారేమో. కాదు. ఒక పెళ్లిళ్ల సీజనులో ఒకే రోజు రెండు పెళ్లిళ్లు పడ్డాయి. ఆయన ముహూర్తం పెళ్లికి వెళ్తూ, లూథరన్ చర్చిలో జరిగే పెళ్లికి నన్ను పంపారు. పెళ్లికూతురు నేను పెరట్లో ఫొటో తీసిన పిల్లే, నన్నే పంపమని అడిగింది. పాస్టరు గారు ముందే మెల్లగా చెప్పారు, ప్రార్థన చేసేటప్పుడు ఫ్లాష్ వద్దమ్మా అని. ఆ రోజు వాన మబ్బు. లోపల కిటికీల దగ్గర తప్ప వెలుగు లేదు. ఆ పిల్లకి బొట్టు ఉండదు కదా, ముసుగు అంచు లేసు మీద రెండు బొమ్మల్నీ కలుపుకున్నాను. చెయ్యి కదపలేదు. ఊపిరి కూడా తీసుకోలేదు. అయినా ఉంగరాలు మార్చుకునే ఫొటోలు నల్లగా వచ్చాయి.

పుస్తకంలో ఏ పక్క రాయాలో ఒక పూటంతా ఆలోచించాను. చివరికి 'కెమెరా వల్ల' పక్కన రాశాను. లెన్స్ ఎంత తెరిచినా వెలుగు చాలలేదు, అంతకన్నా తెరుచుకోదు అని. ఆయన రెండుసార్లు చదివారు. ఎర్ర పెన్సిలు జేబులోనే ఉంది.

"ఇది నిజంగా ఆపిందమ్మా," అన్నారు. "ఇంకా దీన్నే పట్టుకుని కూర్చుంటే అది పొదుపు కాదు, మొండితనం."

ఆ వారమే రాజమండ్రి వెళ్లి, తక్కువ వెలుతుర్లో పనిచేసే లెన్స్ ఒకటి సెకండ్‌హ్యాండులో చూసి కొని, తన పాత పెద్ద కెమెరాకి తగిలించి నా చేతిలో పెట్టారు. అంతకన్నా ముందు ఒక పని చేశారు. ఆ పెళ్లివారి ఇంటికి తనే వెళ్లి, "తప్పు మా అమ్మాయిది కాదండి, నేనిచ్చిన కెమెరాది. ఏది పంపాలో తెలుసుకోకపోవడం నాది" అని చెప్పి వచ్చారు. ఈ సంగతి నాకు పెళ్లికూతురు తర్వాత చెప్పింది. ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత పదేళ్లలో ఎంతమంది నన్నడిగారో. మా అబ్బాయి ఫొటోలు నేర్చుకుంటానంటున్నాడు, ఏ కెమెరా కొనమంటారండీ అని. ఉన్నదానితో తియ్యమనండి, గీత గీసి రెండు పక్కలా రాయమనండి, కెమెరా నిజంగా ఆపిన చోట మారుద్దురుగాని అని చెప్పేదాన్ని. డిజిటల్ వచ్చాక కూడా అదే చెప్పాను. బావగారి రూలు నాకు కంఠతా వచ్చు అనుకున్నాను.

ఇక ఏడేళ్ల కిందటి ఆ రోజు సంగతి. ఉగాది వెళ్లిన వారం. ఆ ఏడు స్టూడియో పైకప్పు కారుతోందని వానలకి ముందు బాగు చేయించాలనుకున్నాం. బావగారు మద్రాసు వెళ్లి వచ్చారు, ఏదో పని అని. సంచిలోంచి అట్టపెట్టె తీశారు. అందులో కొత్త కెమెరా. దానంతట అదే ఫోకస్ చేసుకునేది. పెళ్లిళ్లు తీసే పెద్ద కెమెరాల్లో అలాంటిది అప్పటికి మా చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. వేలు సగం నొక్కితే లెన్స్ తనంతట తానే జుయ్ మని తిరిగి, ఏ గీతో మరకో దొరకగానే ఆగేది, లోపల చిన్న చదరం వెలిగేది. పాస్‌పోర్టు ఫొటోల కోసం వచ్చిన ఇద్దరు, అక్క, మావారు, అందరం చుట్టూ చేరాం. ఆయన అక్క వైపు పెట్టి నొక్కారు, కిటికీ వైపు పెట్టి నొక్కారు, మళ్లీ అక్క వైపు. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టుంది ఆయన మొహం. ఆయన అప్పటిదాకా వాడుతున్న పాత కెమెరా బీరువాలో లక్షణంగా ఉంది. దానికి ఏ రోగమూ లేదు. నాకు పైకప్పు గుర్తొచ్చింది. చిన్న కెమెరాతో ఏళ్లు గడిపిన నేనూ గుర్తొచ్చాను.

"పుస్తకం ఏదండీ బావగారూ?" అన్నాను. "పాత కెమెరా మిమ్మల్ని ఎక్కడ ఆపిందో రాసే ఉంటారుగా."

అందరూ నవ్వారు. నవ్వాలనే అన్నాను. ఆయనా నవ్వారు.

"ఉందమ్మా పుస్తకం."

"చూపించండి మరి. నాకైతే ప్రతి పేజీ చూసేవారు. ఊరందరికీ ఒక రూలు, మీకు ఒకటా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన లెన్స్ మీద మూత పెట్టారు. మూత ఒకసారికి కూర్చోలేదు, రెండోసారి తడిమి పెట్టారు. "అన్నీ చూపించాలా ఏంటి," అన్నారు మెల్లగా. అక్క లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. పైకప్పు గురించి ఆవిడకీ కోపంగా ఉందనుకున్నాను.

అప్పటి నుంచి నా ఎదుట ఎవరు కెమెరా గురించి అడిగినా ఆయన "మీ ఇష్టమండి, మీకేది చేతికి బాగుంటే అది" అనేవారు. పది అడుగులు నడవమని గానీ, గీత గీసి రాయమని గానీ ఇంకెప్పుడూ అనలేదు. ఆయన నోటి నుంచి ఆ మాటల్ని నేనే ఊడబెరికానని నాకు తెలుసు. క్షమించమని అడుగుదామని రెండు మూడుసార్లు అనుకున్నాను కూడా. అడిగితే, అన్నది తప్పని ఒప్పుకోవాలి. నేనన్నది తప్పని నాకు అనిపించలేదు. మరుసటి ఏడు మావారికి కాకినాడ బదిలీ అయింది. పండక్కీ పబ్బానికీ వెళ్లినప్పుడు బావగారు ఎప్పటిలాగే "ఎలా ఉన్నావమ్మాయ్" అనేవారు. రిజిస్టరు అక్కే రాస్తోందని చెప్పేవారు. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ కెమెరాతోనే పెళ్లిళ్లు చేసి, మానేశారు.

పెద్దకర్మ అయిన మర్నాడు అక్క అడిగింది. ముందుగది అద్దెకిచ్చేయాలి, నెగెటివులు ఎవరివి వాళ్లకి పంపేద్దాం, ఆ పని నువ్వైతే తిన్నగా చేస్తావని. స్టూడియోలో తెర కిందే చాప వేసుకుని రిజిస్టర్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఊరు, పేరు ఒక కాగితం మీదకి ఎక్కిస్తూ పోతున్నాను. కొత్త కెమెరా రాకముందు రెండేళ్ల పేజీలు వచ్చేసరికి నా చెయ్యి ఆగింది.

రిమార్కుల గడిలో నా దస్తూరీ. 'జీలకర్ర బెల్లం – మసక, హోమం పొగ.' రెండు పెళ్లిళ్ల తర్వాత, 'తలంబ్రాలు – మసక, పెళ్లికూతురు కదిలింది.' 'మంగళసూత్రం – మసక, కరెంటు డిమ్ము.' 'అప్పగింతలు – మసక, జనం తోశారు.' పేజీ తర్వాత పేజీ. అన్నీ పందిట్లోనో, గదిలోనో తీసిన దగ్గరి ఫొటోలు. ఎండలో తీసినది ఒక్కటీ లేదు. అన్నీ ఆయన తీసినవే. అదే పెళ్లిళ్లలో నేను తీసినవి ఎప్పుడైనా చెడితే పక్కనే 'నా వల్ల' అని రాసి ఉంది. ఆయన ఫొటో చెడితే పొగ. ఆయన ఫొటో చెడితే కరెంటు. అబద్ధం రాద్దామని రాసింది కాదు. బావగారి వల్ల అని రాయాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ మాట రాయడానికి ఆ ఇంటి కోడలికి చెయ్యి రాదు. నెల తిరిగేసరికి ఉప్పూ పప్పూ సరిచూసుకునే దాన్ని, ఆ గడి మాత్రం ఒక్కసారి కూడా పైనుంచి కిందికి కలిపి చదవలేదు.

కలిపి చదివినవారు వేరే ఉన్నారు. 'మసక' అన్న ప్రతి మాట పక్కనా చిన్న ఎర్ర గుర్తు ఉంది. 'హోమం పొగ' మీద సన్నని ఎర్ర గీత. 'పెళ్లికూతురు కదిలింది' మీద గీత. 'కరెంటు డిమ్ము' మీద గీత. ఏ ఒక్క సాకునీ వదలకుండా కొట్టేశారు. గీతలన్నీ ఒకే లావున ఉన్నాయి, ఒకే రోజు కూర్చుని పెట్టినట్టు. పొగ మీద పెట్టిన గీత కొన్నిచోట్ల పక్క గడిలోకి జారింది. చివరి గుర్తు ఉగాదికి ముందు జరిగిన పెళ్లి దగ్గర ఉంది. ఆ తర్వాత మద్రాసు వెళ్లారు.

నేను అందరి ఎదుటా చూపించమన్న పుస్తకం అదే. రాసింది నేనే.

అక్కని పిలిచి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసింది.

"నీకు తెలియదనే అనుకున్నాను," అంది. "కుడి కంట్లో నడిమి చూపు పోతోందన్నారు మద్రాసులో డాక్టరు. రెండోది కూడా మెల్లగా అంతే అన్నారు. ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. కెమెరాలో చూస్తే చుట్టూ పందిరి, జనం అన్నీ కనపడతాయట, ఎవరిని తీయాలో ఆ మొహం మాత్రం కనపడదట."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పనా అని అడిగాను. వద్దన్నారు. 'అమ్మాయికి చెబితే రిజిస్టర్లో ఎక్కిస్తుంది' అన్నారు." అక్క నవ్వబోయి ఆగింది. "పెళ్లి మళ్లీ జరగదు కదే. కళ్లు ఆనవని ఊళ్లో తెలిస్తే ఎవరు పిలుస్తారు. ఆ కెమెరా వచ్చాక ధైర్యం వచ్చింది ఆయనకి. 'చుట్టూ నేను చూసుకుంటాను, నడుమ అది చూసుకుంటుంది' అనేవారు. నాలుగేళ్లు అలాగే నెట్టుకొచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు."

"నేనన్నాను."

అక్క కళ్లజోడు తీసి రిజిస్టరు మూసింది. "ఆ రోజు వంటింట్లోకి వచ్చి, 'అమ్మాయి అడిగింది న్యాయమేనే' అన్నారు," అంది.

ఇది విన్నప్పటి నుంచీ నాకు ఎక్కడా నిలవబుద్ధి కావడం లేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇన్నేళ్లుగా నేను అందరికీ చెబుతూ వచ్చింది సగం రూలు. కెమెరా మనల్ని ఆపినప్పుడు మార్చాలి, నిజమే. నేర్చుకుంటే పోయే తప్పుకి కొత్త కెమెరా కొనడం దండగ, అదీ నిజమే. ఎంత నేర్చినా పోని లోటు మనిషిలోనే మొదలైనప్పుడు, ఆ లోటు నింపే వస్తువు కొనుక్కోవడం ఆడంబరం కాదు. 'నా వల్ల' అన్న పక్క నిండినందుకు కెమెరా మార్చిన మనిషిని నేను ఆయన ఒక్కరినే చూశాను. ఎవరైనా ఖరీదైన కెమెరా కొంటే ఎందుకని ఇకమీదట నేను అడగను. ఎక్కడో ఒక పుస్తకం ఉండే ఉంటుంది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం అక్క ఆ కెమెరా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నీ దగ్గరుంచుకోమంది. మబ్బు పట్టి ఉంది. వరండాలో బావగారు కూర్చునే కుర్చీలోనే కూర్చుని ఉంది ఆవిడ. ఒకటి తియ్యనా అక్కా అన్నాను. ఇప్పుడెందుకే అంటూనే కొంగు సర్దుకుంది. కళ్ల దగ్గర పెట్టుకుని, పదిహేనేళ్ల అలవాటు కొద్దీ మధ్యలోని చదరాన్ని తిన్నగా అక్క నుదుటి మీదకి తీసుకెళ్లి సగం నొక్కాను.

జుయ్ మని లెన్స్ ముందుకి వెళ్లింది. ఆగలేదు. వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకి వెళ్లింది. పావలా కాసంత బొట్టు ఉండే చోట పట్టుకోవడానికి దానికి ఏమీ లేదు.

అక్కకి ఆ చప్పుడు తెలుసు. "తొందరపడకు, అది ఒక్కోసారి అలాగే వెతుక్కుంటుంది," అంది. "ఆయన తీసేటప్పుడు నేను కదలకుండా కూర్చునేదాన్ని."

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తిన్నగా నా వైపు చూస్తూ, కదలకుండా కూర్చుంది. లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది.